టీవీలో కనిపించే మా లాయరు గారు

లాయరు గారికి నమస్కరించి, జైలు నుంచి మీ క్లయింటు రాసుకుంటున్న సంగతులు.

నిన్న సాయంత్రం టీవీ చర్చలో మిమ్మల్ని చూశాను. "విచారణ తేలకుండా మనిషిని లోపల ఉంచడం అన్యాయం" అని మీరు బల్ల గుద్ది చెబుతుంటే మా బ్యారక్ అంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నిన్న పొద్దున్నే కోర్టులో మీ జూనియర్ లేచి, "సీనియర్ గారికి ఒంట్లో బాగోలేదండీ" అని నా బెయిలుకి మళ్ళీ వాయిదా అడిగారు. సాయంత్రానికల్లా మీ ఒళ్ళు కుదుటపడినందుకు సంతోషం.

మా ఆవిడ మీ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఖైదీల గోడు గురించి మీరు బ్లాగులో రాసింది ఫోనులో చదివి ఏడ్చిందట. "అది మీ గురించేనండీ, ఆయన మనల్ని మర్చిపోలేదు" అని నన్ను చూడటానికి వచ్చినప్పుడు చెప్పింది. నేనూ అవుననే అన్నాను.

వచ్చే వాయిదాకైనా మీరే రండి. నా మీద మోపిన ఆ హత్య జరిగిన రోజు నేనెక్కడున్నానో మీరింతవరకు నన్ను అడగనే లేదు.

ఇక్కడివాళ్ళు "అంత పెద్ద లాయరుండగా నీకేం భయంరా!" అంటారు. నేను తలూపుతాను. మీరు నా కేసుకి రావడం లేదని చెబితే, వాళ్ళు ఒళ్ళు మండి ఛానెల్ మార్చేస్తారు. నాకు మీరు కనిపించేది అక్కడొక్కచోటే కదండీ.