నాలుగు రోడ్ల గాలి

జమ్మలమడుగు,
14-2-2010.

రసూల్ మామకు,

ఆనందయ్య ఎవరిచేతా రాయించకుండా తానే రాసే ఉత్తరం. ప్రభువు దయ మా ఇంటి మీద ఉంది, మీ ఇంటి మీదా ఉండాలని కోరుతున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఓపిక తెచ్చుకొని చదువు. మనిషి చేత పంపితే ఇద్దరికీ ముప్పు, అందుకే పోస్టులో వేస్తున్నాను.

పార్టీలు వేరైనప్పటి నుంచి మనకు మాటల్లేవు. ఇప్పుడూ కలుపుకోవడానికి రాయడం లేదు. పోయిన వారం బస్టాండు దగ్గర నువ్వు నడుస్తూ నడుస్తూ ఆగి, ఎదురొమ్ము పట్టుకొని స్తంభానికి ఆనుకున్నావు. మావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకూ అట్లే అవుతోంది. మరుసటి రోజే ఎవరికీ చెప్పకుండా ప్రొద్దుటూరు పోయి, గుండె డాక్టరమ్మ దేవకుమారికి చూపించుకున్నాను.

రక్తం పరీక్ష చేసి కొలెస్ట్రాల్ శానా ఉందంది. నాకు కోపమొచ్చింది. "ఏందమ్మా నువ్వు చెప్పేది? ఎవడు విషం పెడతాడో అని పెండ్లికి పోయినా ఇంటి సంగటే కట్టుకపోతాండా. నీళ్లు కూడా నా చెంబువే. నెయ్యి ముట్టి ఎన్నేండ్లయిందో. కొవ్వు యాడ నుంచి వస్తాది?" అని తగులుకున్నాను.

ఆమె నవ్వి, "నోటికి కాపలా పెట్టినావు పెద్దాయనా, ముక్కుకు పెట్టినావా? పొద్దంతా యాడ కూచుంటాండావు?" అంది.

నాలుగు రోడ్ల దగ్గరన్నాను. నీకు తెలియనిదా? మీవాళ్లలో ఎవరొస్తారో, ఎవరు పోతారో చూస్తూ మేం ఇవతలి అరుగు మీద. మమ్మల్ని చూస్తూ మీరు అవతలి అరుగు మీద. మధ్యలో బండల లారీలు.

ఆ పొగ, సన్నదుమ్ము ఊపిరితో రక్తంలోకి దిగుతాయట. వయసైనవాళ్లలో చెడ్డ కొవ్వును పెంచుతాయట, రక్తనాళాలను గట్టిపడేట్టు చేస్తాయట. అదొక్కటే కారణమని చెప్పలేను గానీ అదీ ఒకటంది.

తర్వాత టీవీలో నా గుండెను చూపించింది. మామా, ఏమని రాయను. లోపల చిన్న రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఏ నాయకుడూ చెప్పకుండానే, నేను నిద్రపోయినా, దాక్కున్నా, అది తన పని చేస్తూనే ఉంది. గుడిలో మోకరించినప్పుడు కూడా నాకు అంత భయభక్తి కలగలేదు. అవతలి పార్టీవాళ్లదీ ఇట్లే ఉంటుందా అని అడిగాను. "వాళ్లకు వేరే గుండె పెడ్తారా పెద్దాయనా?" అంది.

నువ్వూ పోయి చూపించుకో. ఆ అరుగు వదిలి చేను గట్టున కూచో. మీ నాయకుడు అడిగితే నడుము నొప్పని చెప్పు. నేనూ అదే చెప్పాను.

ఇట్లు,
నీకు అవతలి అరుగు మనిషి,
ఆనందయ్య.

తా.క.: నా సంగతి పైన దాటేశాను. యాంజియోగ్రాం తీస్తే గుండెకు పోయే రెండు నాళాలు మూసుకుపోయాయని తేలింది. గురువారం స్టెంటు వేస్తారు. తోడు మనిషి సంతకం పెట్టాలన్నారు. మావాళ్లకు చెప్పలేను, నేను పడిపోయే మనిషినని తెలిస్తే ఇక లెక్కచేయరు. నీ పేరు చెప్పాను. ఏమవుతాడని డాక్టరమ్మ అడిగితే, మామ అన్నాను. నీ పరీక్షా ఆ రోజే చేస్తానంది. పొద్దున మొదటి బస్సుకు రా. ఊరు దాటేదాకా వెనక సీట్లో కూచో. దాటినాక నా పక్కకు వచ్చేయ్.