ముందే వేడిచేసిన ఇంజన్

మిష్రిఫ్

ప్రియమైన బావకు,

నేను పనిచేసే ఈ అరబ్బుల ఇంట్లో శుక్రవారం తప్ప ఫోను చేతికివ్వరని నీకు తెలుసు. ఆ ఒక్కరోజూ నీ గదిలో అంతమంది మగాళ్లు వింటుంటే నువ్వు ఊ, ఆ తప్ప మాట్లాడవు. అందుకే చేపల కోసం మీ రేవుకు వచ్చే మా డ్రైవర్ నూర్ బాషా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నవ్వొచ్చినా పూర్తిగా చదువు.

పెద్ద సంగతే. మా యజమాని బాబా తన పిల్లల కోసం పాత బోటు ఒకటి కొనాలనుకుంటున్నారు. నువ్వు చూసుకునే ఆ తెల్లబోటును మీ యజమాని ముసలాయన అమ్ముతున్నాడని నేనే బాబా భార్య మామా చెవిన వేశాను. బోటు కుదిరితే దాంతోపాటు నిన్నూ పనిలోకి తీసుకుంటారట. మీ ముసలాయన నిన్ను వదులుతూ రిలీజ్ కాగితం ఇస్తే చాలు, ఇక్కడ ఉండటానికి నీకిచ్చిన పర్మిట్, ఆ ఇఖామా, బాబా పేరుకు మారుతుంది. గేటు పక్క గది మనిద్దరికీ ఇస్తామని మామా మాటిచ్చారు. పెళ్లయినప్పటి నుంచి మనం కలిసి బతికింది సెలవుల్లోనే కదా బావా. రోజూ నీకు నా చేత్తో సంగటి కెలికి పెట్టాలని నాకెంత ఉందో నీకేం తెలుసు!

శుక్రవారం పొద్దున బాబా చూడటానికి వస్తారు. అన్నీ సిద్ధంగా ఉంచు. చెడగొట్టావంటే నీతో మాట్లాడను.

నీ
మునిలక్ష్మి

*

ప్రియమైన మునీ,

మీ బాబా సామాన్యుడు కాదే. సంతలో మనవాళ్లు ఎద్దు పళ్లు చూసినట్టు చూశారు బోటును. చప్పుడు ఎక్కడైనా బోలుగా వస్తుందేమోనని అడుగంతా వేలి కణుపులతో తట్టుకుంటూ పోయారు. లోపలి మూత ఎత్తి, టార్చి వేసి, నీళ్లు ఊరుతున్నాయేమో చూశారు. ఇంజన్ ఆయిల్ తెల్లకాగితం మీద రాసి ఎండకు పట్టి చూశారు. సీట్ల కిందికి వంగి బూజు వాసన కూడా పట్టారు. చివరికి తాళం తిప్పితే ఇంజన్ ఒక్క దెబ్బకే అందుకుంది.

అప్పుడు ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టి, "ముందే స్టార్ట్ చేసినావా?" అని హిందీలో అడిగారు. "మీరొచ్చేలోపల కారు స్టార్ట్ చేసి ఏసీ వేసి పెడతారు కదా బాబా, అట్లనే ఇది కూడా" అన్నాను. నవ్వి నా భుజం తట్టారు. మా ముసలాయన కూడా హుషారుగా, "కొన్నాళ్లు నీ దగ్గరే పెట్టుకుని తిప్పి చూడు, నచ్చితేనే బేరం ఖలాస్ చేద్దాం" అని తాళాలు ఇచ్చేశాడు. బాబా బోటును సముద్రం ఒడ్డున ఉన్న మీ సెలవుల ఇంటికి తీసుకుపోయారు.

ఆ గదికి కిటికీ ఉందా? చూసి రాయి. సంతోషించాల్సిన వేళ నా మనసు మనసులో లేదు ఎందుకో.

నీ
నాగేశ్వర

*

ప్రియమైన బావా,

కిటికీ ఉంది. తూర్పు వైపే. మంచం వేస్తే నడవడానికి కాస్త చోటు మిగులుతుంది, ఆ కాస్తా నాది. బుధవారం గది కడుక్కోమని మామా బీగం కూడా ఇచ్చారు.

గురువారం అందరం సముద్రం ఇంటికి పోతున్నాం. బాబా చిన్నకూతురు దలాల్ నేను లేనిదే బోటెక్కనని మారాం చేస్తోంది. చెరువులో మోకాలిలోతు దిగని దాన్ని నేను, సముద్రం మీదికి పోతానట! నాకూ ఒక నారింజరంగు జాకెట్ కొన్నారు. అది వేసుకుని అద్దంలో చూసుకుంటే నవ్వాగలేదు. నా మొగుడు చూసుకున్న బోటే కదా, భయమెందుకని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

నీ మనసు మనసులో లేదంటావేం? దిష్టి తగిలేలా మాట్లాడకు.

నీ
మునిలక్ష్మి

*

మునీ,

నువ్వు ఆ బోటెక్కొద్దు. పిల్లనూ ఎక్కనివ్వొద్దు.

ఆ ఇంజన్ చల్లగా ఉంటే ఓ పట్టాన అంటుకోదు. చలికాలం నుంచీ అంతే. తిప్పగా తిప్పగా, పొగ కక్కి, బ్యాటరీ నీరసించిపోయాక ఎప్పటికో అందుకుంటుంది. ఒకసారి వేడెక్కిందంటే ఎంతదూరమైనా పోతుంది. కానీ సముద్రం మధ్యలో ఆపి, అది చల్లారిపోతే మీ గతేమిటి?

ఆరోజు మోసం చెయ్యాలని వేడి చెయ్యలేదే, నీ మీద ఒట్టు. పెద్దవాళ్లు వచ్చేలోపు బండి సిద్ధం చెయ్యడం ఈ దేశంలో చేతికి అలవాటైపోయింది. బాబా మూత మీద చెయ్యి పెట్టి అడిగినప్పుడు మాత్రం నేను చేసిందేమిటో నాకు తెలిసివచ్చింది. చల్లారాక ఇంకోసారి చూడండి అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ గది కళ్లముందు ఆడింది. నోరు మూసుకున్నాను.

నూర్ బాషాకు నోటితో చెబుదామంటే సిగ్గేసింది. "యల్లా భాయ్, ఆలస్యమైతాంది" అని అతను తొందరపెడుతుంటే కారు బానెట్ మీద పెట్టి రాస్తున్నాను. వెంటనే బాబాకు చెప్పు. గది పోతే పోనీ, నువ్వు జాగ్రత్త.

నాగేశ్వర

*

ప్రియమైన బావా,

మేమంతా క్షేమంగా ఉన్నాం. ముందు ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం బుధవారం సాయంత్రమే అందింది. చదివి, మామాకు చెప్పాలనే లేచాను. దారిలో మన గది తలుపు తీసి ఉంది. నేను కడిగిన నేల ఇంకా ఆరలేదు. అక్కడే ఆగిపోయాను. ఒడ్డు దగ్గరే కాసేపు తిరిగి వచ్చేస్తారులే, ఇంజన్ ఆపరులే, నువ్వొచ్చాక మెల్లగా బాగుచేయిస్తావులే అనుకున్నాను. తెల్లారి దలాల్‌కు జాకెట్ బిగించింది నేనే బావా.

బయల్దేరేటప్పుడు చాలాసేపు తిప్పాకే ఇంజన్ అందుకుంది, వారంగా ఊరికే ఉన్నందుకేలే అనుకున్నారు బాబా. మధ్యాహ్నం ఒడ్డు కనబడనంత దూరంలో ఆయన ఇంజన్ ఆపారు. భోజనాలయ్యాక తాళం తిప్పితే అది దగ్గి దగ్గి పడిపోయింది. తర్వాత ఆ దగ్గు కూడా రాలేదు. గాలి లేచింది. బోటు పక్కకు ఒరిగినప్పుడల్లా దలాల్ నా మెడ పట్టుకుని కక్కుకుంది. మామా ఖురాన్ చదువుకుంటున్నారు. నాకు దేవుడికి మొక్కుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు. పొద్దు వాలుతుండగా చేపలవాళ్ల లాంచీ ఒకటి మమ్మల్ని చూసి, తాడు కట్టి లాక్కొచ్చింది.

ఒడ్డున దిగి అందరూ కాస్త తేరుకున్నాక బాబా కాళ్ల దగ్గర కూర్చుని నువ్వు రాసిందంతా చెప్పేశాను. ఆయన బోటు తాళాలు జేబులో వేసుకున్నారు. తర్వాత, "ఆ ఉత్తరం ఎప్పుడొచ్చింది?" అని అడిగారు.

"ఇప్పుడే బాబా. ఒడ్డుకొచ్చినాక నూర్ బాషా నా చేతికిచ్చినాడు" అన్నాను.

నూర్ బాషా అక్కడే నిలబడి ఉన్నాడు. నా ముఖం ఒకసారి చూసి, కారు తుడవడానికి పోయాడు.

"తప్పే చేసినాడు. అయినా గది పోతాదని తెలిసి కూడా చెప్పినాడు. సముద్రం మీద నా పిల్లలకు అట్లాంటి మనిషే కావాల" అన్నారు బాబా. ముసలాయన ఇంజన్ మార్పిస్తేనే బోటు తీసుకుంటారట. నిన్ను మాత్రం ఎలాగైనా తీసుకుంటామని, రిలీజ్ గురించి అప్పుడే మాట్లాడేశారు. గది మనదే.

నువ్వు చెప్పుకుని బరువు దించుకున్నావు బావా. నాకు మాత్రం ఆ దారి లేకుండా పోయింది. అంత అలల్లోనూ తన బిడ్డను వదల్లేదని మామా నన్ను కావలించుకుని ఏడ్చారు. నా నుదుటి మీద ముద్దు పెట్టారు. నేను అలాగే పెట్టించుకున్నాను. దలాల్ ఇప్పుడు నా ఒళ్లో తప్ప పడుకోవడం లేదు.

నువ్వొచ్చాక బాబాకు నిజం చెప్పేయమంటావేమోనని భయంగా ఉంది. వద్దులే, ఊరుకో అంటావేమోనని ఇంకా భయంగా ఉంది. ఏ మాటా ఉత్తరంలో రాయకు, వచ్చి నా ముఖం చూసి చెప్పు.

పిల్ల లేచినట్టుంది. ఉంటాను.

నీ
మునిలక్ష్మి