లిచీ పొర

పాట్నా,
జ్యేష్ఠం, గురువారం.

చిరంజీవి అవధేశ్‌కు దీదీ ఆశీస్సులు. సూర్యభగవానుడి దయవల్ల అమ్మ, కుముద్, నేను బాగానే ఉన్నాం. సూరత్‌లో నువ్వూ వేళకి తింటున్నావని నమ్ముతున్నాను.

నిన్న పొద్దు మామూలుగానే తెల్లారింది. తులసి దగ్గర దీపం పెట్టాను. అమ్మకి వేయించిన శనగల సత్తుపిండి నీళ్ళలో కలిపి, నిమ్మరసం పిండి ఇచ్చాను. మన చెల్లెలు కుముద్ తను పనిచేసే బడి తాళాలు వెతుక్కుంది. ఎప్పటిలాగే బియ్యం డబ్బా మీదే ఉన్నాయి. ఆ తర్వాత ఇద్దరం డాక్టర్ జైదీ దగ్గరికి వెళ్ళాం.

నువ్వు రెండు అడిగావు. రాళ్ళున్న నా పిత్తాశయాన్ని రోబోతో తీయించుకోవాలా, లాప్రోస్కోపీతోనా అని ఒకటి. కార్తీకంలో పస్తుండి సూర్యుడికి అర్ఘ్యమిచ్చే ఛఠ్ వ్రతానికి గంగలో నిలబడగలనా అని ఇంకొకటి. నా దిగులంతా ఆ రెండోదే.

మొదటిదానికి డాక్టరమ్మ నోటితో జవాబు చెప్పలేదు. కొత్త డాక్టర్లు చెయ్యి సాధన చేసే గదిలోకి తీసుకెళ్ళింది. బల్ల మీద ఒలిచిన లిచీపళ్ళు. పైన రోబోకున్న నాలుగు ఇనుప చేతులు. ఆవిడ దూరంగా కూర్చుని, ఒక పెట్టెలో మొహం పెట్టి వేళ్ళు కదిపింది. ఇక్కడ ఇనుపవేళ్ళు మెలితిరిగి, పండు మీది పల్చటి పొరను విడదీశాయి. ఒక్క చుక్క రసం కారలేదు. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"హారతి పళ్ళెం తెమ్మంటావా దీదీ?" అంది కుముద్.

డాక్టరమ్మ నవ్వుతూ లేచి వచ్చింది. లాప్రోస్కోపీకి వాడే రెండు పొడవాటి కడ్డీలు పట్టుకుని, తెర చూస్తూ ఇంకో పండు పొర తీసింది. ఈసారీ చుక్క కారలేదు.

"రోబో చెయ్యి లోపల మణికట్టులా తిరుగుతుంది, లోతు బాగా కనిపిస్తుంది. చిక్కు ఆపరేషన్లకి నేనూ దాన్నే ఎంచుకుంటాను. మీకు అంత అక్కర్లేదు. రెండింటికీ చిన్న గాట్లే. ఈ కడ్డీలు ఇరవై ఏళ్ళుగా నా చేతికి అలవాటు," అంది.

అవధేశ్, రెండుచోట్లా ఆ పని చేసింది ఆవిడ చెయ్యే. అలాంటి చేతిని సృష్టించినవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అప్పుడావిడ అడిగింది, "వారానికి ఎన్ని ఉపవాసాలు?"

"నాలుగు."

"మా దీదీ భక్తి అలాంటిది," అంది కుముద్ గొప్పగా.

"అన్ని పస్తులుంటే పిత్తం కదలక చిక్కబడుతుంది. రాళ్ళు పెరిగేది అలాగే," అంది డాక్టరమ్మ.

ఇన్నాళ్ళూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. అది భక్తి కాదు. తింటే నొప్పి వస్తుందని మానేసి, దేవుడి పేరు చెప్పాను. రెండేళ్ళుగా ఇదే. పోయిన ఛఠ్ నాడు గంగలో పడింది మీకు చెప్పినట్టు కాలు జారి కాదు, నొప్పికి. చెబితే అమ్మ నా చేతికిచ్చిన వ్రతం తీసేసుకుంటుందని భయపడ్డాను.

సాయంత్రం అమ్మ ముందు అంతా ఒప్పుకున్నాను. అమ్మ తిట్టలేదు. "సూర్యుడికే దొంగ పస్తులు చూపించావుటే," అని మాత్రం అంది.

తర్వాత ముగ్గురం కూర్చుని అనుకున్నది ఇదీ. సోమవారం లాప్రోస్కోపీతోనే ఆపరేషన్. ఏడాదిపాటు నాకు ఒక్కపూట కూడా ఉపవాసం లేదు. ఇంటి వ్రతం ఆగకూడదు గనక, ఈ కార్తీకంలో అర్ఘ్యం పళ్ళ చేట పట్టుకుని గంగలో నిలబడేది నువ్వు. ఆ రోజు నాకు దగ్గరుండి అన్నం పెట్టే పని కుముద్ అడిగి తీసుకుంది.

ఇట్లు,
నీ క్షేమం కోరే
శైల్ దీదీ