వ్యాను దిగని నాన్న

3వ తేదీ

సర్వీసు విభాగం అధికారిగారికి నమస్కారాలు.

పదకొండు రోజులుగా మా నాన్న స్నానానికి తప్ప వ్యాను దిగడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. హ్యాండ్ బ్రేక్ లోపం వల్ల బండి తనంతట తానే దొర్లిపోవచ్చనీ, బాగు చేయించేదాకా మనిషి లేకుండా వదలవద్దనీ మీ రీకాల్ నోటీసులో ఉంది. నాన్నకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. "రాసింది రాసినట్టు చేద్దాం తల్లీ" అని ఎక్కి కూర్చున్నారు. భోజనం అక్కడికే, పడకా అక్కడే. స్నానానికి వెళ్తే అమ్మ కాపలా. నాన్న తెచ్చే బ్రెడ్డు దింపుకోవడానికి దుకాణాలవాళ్ళే బయటికి వస్తున్నారు.

ఇరవయ్యో తేదీన నాకు డిగ్రీ పట్టా ఇస్తారు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. అమ్మా నాన్నా ఇద్దరూ హాల్లో ఉండాలని నా కోరిక. వ్యానును హాల్లోకి రానివ్వరట, అడిగాను.

భవదీయురాలు,
బ్రెడ్డు వ్యాను ఆయన కూతురు

తా.క. తొమ్మిదేళ్ళుగా నాన్న ఆ హ్యాండ్ బ్రేక్ లాగిందే లేదు. దానికి గొడుగు తగిలిస్తారు. బండి ఆపితే చక్రం కింద రాయి పెడతారు. నోటీసులో రాయి ప్రస్తావన లేదు కాబట్టి ప్రస్తుతం రాయిని నమ్మడం లేదు.

6వ తేదీ

గౌరవనీయ వినియోగదారుకు,

హ్యాండ్ బ్రేకులో గొడుగు ఇరుక్కుపోయిందన్న మీ ఫిర్యాదు నమోదయింది. బండిని మా వర్క్‌షాపుకు తెచ్చి, గేటు దగ్గర టోకెను తీసుకోవలెను.

ఇట్లు,
సర్వీసు విభాగం అధికారి

తా.క. గొడుగుకు వారంటీ వర్తించదు.

9వ తేదీ

అధికారిగారికి నమస్కారాలు.

గొడుగు క్షేమం. నాన్న నిన్న మీ వర్క్‌షాపుకు వచ్చారు. దిగి టోకెను తీసుకోమని వాచ్‌మన్ అన్నాడట. దిగకూడదని నాన్న. టోకెను లేనిదే గేటు తీయకూడదని అతను. ఇద్దరూ రాసింది రాసినట్టు చేసేవాళ్ళే కావడంతో స్నేహం కుదిరింది. అతను వ్యానెక్కి కూర్చున్నాడు. సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకుని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

మెకానిక్‌నే మా ఇంటికి పంపండి. మా వీధి బాగా ఏటవాలు, జాగ్రత్త చెప్పండి.

భవదీయురాలు,
అదే కూతురు

తా.క. వాచ్‌మన్ వ్యానులో ఉన్నంతసేపూ నాన్న దిగి టోకెను తెచ్చుకోవచ్చని, నేను చెప్పేదాకా ఆయనకు తట్టలేదు.

12వ తేదీ

గౌరవనీయ వినియోగదారుకు,

15న మెకానిక్ వస్తాడు. అనుభవజ్ఞుడు. ఏటవాలు గురించి అతనికి మీరు చెప్పనవసరం లేదు.

ఇట్లు,
సర్వీసు విభాగం అధికారి

తా.క. 8వ తేదీన గేటు దగ్గర వాచ్‌మన్ లేడని వచ్చిన ఫిర్యాదును కూడా గొడుగు ఫైల్లోనే పెట్టాం.

16వ తేదీ

అధికారిగారికి నమస్కారాలు.

మెకానిక్ వచ్చాడు. మీ కంపెనీ బండిని మా వ్యానుకు ఎగువన ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, పనిముట్ల పెట్టెతో దిగాడు. నాలుగడుగులు వేసేలోపు బండి అతని వెనకే బయల్దేరింది. నాన్న ఒక్క దూకు దూకి చక్రం కింద రాయి పెట్టారు. ఆగింది.

మెకానిక్ మా నోటీసు అడిగి తీసుకుని వెనక్కి తిప్పాడు. లోపం ఉన్న బండ్ల నంబర్లన్నీ అక్కడున్నాయి. అంకెలే కదా అని నేను చదవలేదు. తప్పు నాదే. నోటీసు అందరికీ పంపారట. మా వ్యాను నంబరు అందులో లేదు. మెకానిక్ తెచ్చిన బండిది ఉంది.

మా హ్యాండ్ బ్రేక్ కొత్తదానిలా ఉందని మెచ్చుకుని, మీ బండి తాళం నాన్న చేతిలో పెట్టి, అతను బస్సెక్కి వెళ్ళిపోయాడు. నాన్న మా వ్యాను వదిలి మీ బండెక్కారు. "వాళ్ళదైతే మాత్రం మనిషి లేకుండా ఎలా వదుల్తాం తల్లీ? నువ్వే చదివావుగా" అంటున్నారు.

నేను చదివానన్న ఒక్క మాట మీద కూర్చున్న మనిషిని దింపడం నా వల్ల కావడం లేదు. మీ బండిలో కూర్చోవడానికి ఒకరిని పంపుతున్నట్టు 19వ తేదీ సాయంత్రంలోగా జవాబు ఇవ్వగలరు.

భవదీయురాలు,
ప్రస్తుతం మీ బండిలో ఉన్నాయన కూతురు

తా.క. వాచ్‌మన్ అయితే నాన్నకు సంతోషం. గొడుగు మేమే ఇస్తాం.