నెమ్మదిగా వెళ్తే దగ్గే కారు

ఆల్బోర్,
ఫిబ్రవరి 1986

మామయ్య గారికి కోడలు బోదిల్ నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ చెవిలో గాలి హోరు తప్ప ఏమీ పడదంటారు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. మన ఆకుపచ్చ కారుకే ఒంట్లో బాగాలేదు.

ఫ్లెమింగ్ ఉన్న రోజుల్లో అదెంత బుద్ధిగా ఉండేదో మీకు తెలుసు. ఆయన పోయాక కూడా ఇన్నాళ్ళూ నన్నేమీ ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు పెద్ద రోడ్డు మీద గుర్రంలా పోతుంది. ఊళ్ళోకొచ్చి వేగం తగ్గించానా, మిస్సింగ్ మొదలు. దగ్గుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి ప్రాణమే విడిచేస్తుంది. నిన్న వంతెన మీద ఆగిపోతే వెనక బస్సు డ్రైవరు దిగొచ్చి, "ఏమమ్మా, ఇక్కడే కాపురం పెడుతున్నారా?" అని అడిగాడు.

మీరు ఇన్నేళ్ళూ చేపల పడవల ఇంజన్లను చప్పుడు విని బాగుచేసినవారు. ఇప్పుడు వినపడదు కాబట్టి చప్పుడు నేనే వర్ణిస్తాను. మీ చెల్లెలు ఆగ్నెటె అత్త వేడి సూప్ జుర్రుకుంటూ మధ్యలో పొలమారితే ఎలా ఉంటుందో, అచ్చం అలాగే ఉంది.

మీ కోడలు,
బోదిల్

తా.క. ఆస్గర్ కూడా బానెట్ ఎత్తి చూశాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయన్నాడు.


లేసో దీవి

అమ్మా బోదిల్, నీకు నా దీవెనలు.

నీ వర్ణన బాగుంది గానీ సగమే చెప్పావు. ఆగ్నెటె సూప్ జుర్రడం పళ్ళు కట్టించుకోక ముందా, తర్వాతా? ముందైతే ప్లగ్గులు. తర్వాతైతే కార్బొరేటర్. ఎందుకైనా మంచిదని ప్లగ్గులు పార్సిల్ చేస్తున్నాను.

ఈ ఆస్గర్ ఎవరు? ఏ గారేజీ? శుభ్రంగా ఉన్నాయనడం కూడా ఒక మాటేనా? శవపేటిక కూడా శుభ్రంగానే ఉంటుంది.

మీ మామయ్య,
హోల్గర్

తా.క. విసుగొచ్చి కారు అమ్మేద్దామనిపిస్తే ముందు నాకు రాయి. నేను కొంటానని కాదు. ఊరికే.


ఆల్బోర్

మామయ్య గారికి నమస్కారాలు.

ప్లగ్గులు అందాయి, మార్చాం. ఏమీ మారలేదు. కాబట్టి అది పళ్ళు కట్టించుకున్న తర్వాతి ఆగ్నెటె అత్తే అయ్యుండాలి.

ఆస్గర్‌ది గారేజీ కాదండీ. చిన్న చిన్న పనిముట్లతో చాలా సున్నితమైన పని చేస్తాడు. చెయ్యి వణకదు. మంచివాడు. ఇంత చేసినా డబ్బు తీసుకోడు. ఇస్తానన్నా వినడు. భోజనం చేసి వెళ్తాడు, అంతే.

మీ కోడలు,
బోదిల్

తా.క. ప్లగ్గులు చుట్టి పంపిన ఉన్ని సాక్సు ఆస్గర్‌కి సరిగ్గా సరిపోయాయి. తనకోసమే పంపారనుకుని పొంగిపోయాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.


లేసో దీవి

అమ్మా బోదిల్,

అయితే గడియారాలు బాగుచేసేవాడన్నమాట. గడియారాల వాణ్ణి ఇంజన్ దగ్గరికి రానిస్తే వాడు దాన్ని విప్పగలడు, బిగించలేడు.

నేను చెప్పేది జాగ్రత్తగా విను. డబ్బు తీసుకోకుండా పని చేసి, భోజనానికి కూర్చునే మగవాడు కారు మీద కన్నేశాడని అర్థం. రేవులో ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూశానో. మొదట పడవ బాగుందంటారు. తర్వాత ఊరికే తాడు సర్దుతారు. ఒకరోజు చూస్తే పడవ వాళ్ళ పేరు మీద ఉంటుంది. ఒక పరీక్ష పెట్టు. కారు ఇంకెవరికో ఇచ్చేశానని చెప్పి, మళ్ళీ వస్తాడేమో చూడు.

ఈలోగా కార్బొరేటర్ విప్పి కడిగించు.

మీ మామయ్య,
హోల్గర్

తా.క. ఆ సాక్సు ఫ్లెమింగ్ కోసం వాళ్ళమ్మ అల్లినవి. తొడుక్కోనీ, పరవాలేదు. పాదాలు ఎవరివైనా చల్లబడకూడదు.


ఆల్బోర్,
మార్చి

మామయ్య గారికి నమస్కారాలు.

సాక్సు సంగతి ఆస్గర్‌కి చెబితే వెంటనే విప్పి, ఉతికి, ఆరేసి, మడతపెట్టి తెచ్చాడు. మీ మాట చెప్పి మళ్ళీ తొడిగించాను.

కార్బొరేటర్‌ని ఆస్గర్ మా వంటింటి బల్ల మీద టూత్‌బ్రష్‌తో తోమాడు. అంత తెల్లటి కార్బొరేటర్ ఈ దేశంలో ఇంకెక్కడా ఉండదు. అయినా దగ్గు తగ్గలేదు. ఒక వింత మాత్రం గమనించాను. ఇంటి ముందు నిలబెట్టి ఇంజన్ ఆన్ చేసి వదిలేస్తే ఎంతసేపైనా హాయిగా నడుస్తుంది. వెళ్తూ వెళ్తూ ఆగబోతేనే దాని గోల.

మీరు చెప్పిన పరీక్ష పెట్టాను. కారు పక్కింటివాళ్ళకి ఇచ్చేశానని అబద్ధమాడాను. మర్నాడు వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా లోపల కేకు పెట్టుకుని, అది తడవకుండా తెచ్చాడు.

మీ కోడలు,
బోదిల్

తా.క. మీకొక ముఖ్యమైన మాట చెప్పాలి. నాలుగు కాగితాలు చించేశాను. ఉత్తరంలో కుదరడం లేదు.


లేసో దీవి

అమ్మా బోదిల్,

అర్థమైంది. చించిన కాగితాల్లో ఏముందో చదవకుండానే తెలిసింది. కారు అతనికి ఇచ్చేద్దామనుకుంటున్నావు. కేకు తెచ్చాడుగా మరి.

కాదనడానికి నేనెవర్ని? కానీ జబ్బు నయం చెయ్యకుండా ఎవరికీ ఇవ్వకూడదు. నిలబడితే బాగుండి, ఆగబోతే దగ్గిందంటే నాకిప్పుడు అనుమానం ఇంజన్ మీద లేదు. కారు కదలకుండా ఇంజన్ ఆన్‌లో పెట్టి బ్రేకు నొక్కి చూడు. దగ్గితే ఆ గడియారాలవాణ్ణే కారు తీసుకుని, కార్లెక్కించే పెద్ద పడవ మీద ఇక్కడికి రమ్మను. నెమ్మదిగా నడపమను. బ్రేకు బలంగా తొక్కాల్సి రావచ్చు. కారునీ చూస్తాను, అతని మొహమూ చూస్తాను.

మీ మామయ్య,
హోల్గర్

తా.క. కారు పోతే నువ్విక నాకు దేని గురించి రాస్తావు అని మాత్రం అడగను.


ఆల్బోర్

మామయ్య గారికి నమస్కారాలు.

బ్రేకు నొక్కాను. నొక్కగానే దగ్గింది. వదిలితే మానేసింది. మీకు చెవులు వినపడకపోతేనేం.

నాకు బడిలో పరీక్షల పని. ఆస్గర్ శనివారం పడవకి ఒక్కడే వస్తున్నాడు. ఆ ముఖ్యమైన మాట కూడా తనే చెబుతానన్నాడు. మీకు వినపడేలా గట్టిగా మాట్లాడమన్నాను.

మీ కోడలు,
బోదిల్

తా.క. అతను అడిగేది మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పేయండి. నేనేమీ అనుకోను. కొంచెం అనుకుంటాను.


లేసో దీవి,
ఆదివారం

అమ్మా బోదిల్,

ముందు కారు సంగతి. బ్రేకుకి బలమిచ్చే గుండ్రటి డబ్బా ఉంటుంది. దాన్నుంచి ఇంజన్‌కి ఒక రబ్బరు గొట్టం వెళ్తుంది. ఆ గొట్టం పగిలిందేమోనని నేను తంటాలు పడుతుంటే మీ ఆస్గర్ జేబులోంచి పొడుగు కాడున్న బుల్లి అద్దం తీసి వెనకవైపు చూశాడు. "గడియారాలకి ఇలాంటివి కూడా వాడతారా?" అన్నాను. "నేను పళ్ళ డాక్టర్నండీ" అన్నాడు. గొట్టానికి ఏమీ కాలేదు. దాన్ని పీకి, ఇంజన్ వైపు మూసేసి, బ్రేకు నొక్కమన్నాను. దగ్గలేదు. అంటే డబ్బా లోపల రబ్బరు పొర చిరిగింది. నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజన్ అక్కడినుంచి దొంగగాలి మింగి పొలమారుతోంది. మా పెరట్లో పడున్న పాత కారు డబ్బా తీసి బిగించాం.

ఇక రెండో సంగతి. పని అయ్యాక ఇంజన్ నడుస్తూ ఉండగానే అతను నా దగ్గరికొచ్చి ఏదో అరిచాడు. "నా చేతుల్లో పెడతారా? బాగా చూసుకుంటాను" అన్నది మాత్రం చెవిన పడింది. అనుకున్నంతా అయింది, కారు అడుగుతున్నాడనుకున్నాను.

"వయసైంది సుమా" అన్నాను.

"నాకూ అయిందండీ" అన్నాడు.

"చలికాలం పొద్దున్నే ఓ పట్టాన కదలదు. బతిమాలుకోవాలి."

"తెలుసండీ. కాఫీ ఇస్తాను."

కాఫీ ఎందుకో నాకర్థం కాలేదు. పళ్ళ డాక్టర్లకి వాళ్ళ పద్ధతులేవో ఉంటాయనుకున్నాను.

"వానలో బయట వదిలెయ్యకు. మా వాడు ప్రాణంగా చూసుకున్నాడు" అన్నాను.

అతను కళ్ళు తుడుచుకున్నాడు. పెట్రోలు వాసనకేమో అనుకున్నాను.

"అయితే తీసుకో. సంతోషంగా ఉండు" అన్నాను.

రేవులో పడవ ఎక్కే ముందు నన్ను గట్టిగా కావలించుకుని, కాస్త వినపడే చెవి దగ్గర నోరు పెట్టి, "పెళ్ళి జూన్‌లో అనుకుంటున్నాం మామయ్య గారూ. బోదిల్‌ని చర్చిలోకి మీరే నడిపించుకు రావాలి" అన్నాడు.

కొడుకు పోయిన ఇంట్లో ఇంకొకడొచ్చి మామయ్యా అంటే ఎలా ఉంటుందో ఆలోచించడానికే ఇన్నాళ్ళూ భయపడ్డాను. తీరా అన్నాక, "సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పు" అన్నాను. వినపడింది. అయినా అన్నాను.

ఇంటికి నడుస్తూ నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. వెనక్కి తీసుకోవాల్సింది ఒక్కటీ కనపడలేదు. వయసైందన్న మాటకు మాత్రం నువ్వు నన్ను క్షమించాలి.

జూన్‌కి కోటు ఇస్త్రీ చేయించుకుంటాను.

నీ మామయ్య,
ఇప్పుడూ, ఎప్పుడూ,
హోల్గర్

తా.క. ఆలోచిస్తే, అతను కారు అసలు అడగనే లేదు. కాబట్టి అది నీ దగ్గరే ఉంటుంది. ఇక దగ్గదు. దగ్గకపోయినా, నెలకోసారి దగ్గిందని రాయి.