దేవుడికి చెవుడు లేదు

ఏమండీ,

అక్క వాళ్లింటికి వెళ్తున్నాను, సాయంత్రం వస్తాను. ఈలోగా పక్కింటి నర్సమ్మ వైపు గోడకు ఆనించిన టీవీని కిటికీ దగ్గరికి జరపండి. బల్ల మీది పాత దుప్పటి ముక్కలు కుర్చీ కాళ్లకు కట్టండి. చేతికర్రతో గోడ బాదడం ఇక మానండి. ఇదంతా నోటితో చెబితే మీకంటే ముందు ఆవిడకే వినబడుతుంది, అందుకే రాస్తున్నాను.

రాత్రంతా ఆస్పత్రిలో డ్యూటీ చేసి పొద్దున పడుకునే మనిషి ఆవిడ. నిన్న మీరు "గుడ్లగూబ" అని గొణిగాననుకున్నారు. అది మెట్ల దాకా వినిపించింది. ఆవిడ వచ్చి ఆ కోపమంతా నా మీద చూపించింది.

"పొద్దున్నే ఆ కేకలేంటి పిన్నిగారూ? మీ దేవుడికి చెవుడా?"

దేవుడికి కాదమ్మా, మా ఆయనకి అని నాలుక చివరిదాకా వచ్చింది. మీ పరువు పోతుందని మింగాను. ప్రార్థన పక్కగదిలోకి వినబడలేదని మీరు సణుగుతారనే కదా నేను గొంతు పెంచింది? మనసులో అనుకున్నా వినేవాడికి అరుపులు దేనికి? మీ పంతం కోసం ఒకరి నిద్ర చెడగొట్టి చేసే ప్రార్థన దేవుడు పుచ్చుకుంటాడా? నాకు అనుమానమే. రేపటి నుంచి మెల్లగా చదువుతాను. మీరు అలిగినా సరే.

మర్చిపోయాను. మీరు బట్టల కింద దాచిన చెవి మిషన్ తీసి కళ్లజోడు పక్కన పెట్టాను. ప్రార్థనలో రోజూ మీ పేరు కూడా వస్తుంది. వినాలని ఉంటే పెట్టుకోండి.