నాలుగోవాడికి నేర్పను

రెడ్డెమ్మక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన పలమనేరు పాల కేంద్రంలో ఇన్‌చార్జి ఉద్యోగం మళ్ళీ ఖాళీ అయింది. ఈసారి నేనూ దరఖాస్తు పెట్టాను. మేనేజరు దాన్ని చదవను కూడా లేదు.

"లారీ డ్రైవర్లతో గొడవలుంటాయి మా. ఆడమనిషివి, నీకెందుకు?" అన్నాడు.

పన్నెండేళ్ళుగా ఆ డ్రైవర్లతో పోట్లాడి క్యాన్లు దింపించుకుంటున్నది ఎవరో ఆయనకు తెలియదు. ఆయన నిద్ర లేచి వచ్చేసరికి పాలన్నీ ట్యాంకులో ఉంటాయి.

ఉద్యోగం ఆయన బావమరిదికి వచ్చింది. పొద్దున అతను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని క్యాను మూత తీశాడు. మూత వాసన చూసి పులిసిన పాలు కనిపెట్టాలని కూడా తెలియని మనిషి.

"తెల్లగానే ఉండాయి, పొయ్యండి" అన్నాడు.

ఆ పులిసిన పాలు పోసి ఉంటే ట్యాంకులో పాలన్నీ విరిగిపోయేవి. నేనే క్యాను పక్కకు లాగాను.

మేనేజరు నవ్వాడు. "వారం దినాలు పక్కనుండి నేర్పిచ్చు మా. రెడ్డెమ్మ ఎంతమందికి నేర్పిచ్చలేదు!"

నిజమే. ముగ్గురికి నేర్పావు. ముగ్గురూ నీ మీద అధికారులయ్యారు. జ్వరమన్నా నీకు ఒక్క పూట సెలవివ్వలేదు. అయినా నేర్పడం నీ మంచితనమని ఇక్కడ అందరూ మెచ్చుకుంటారు. నాకు ఆ మంచితనం మీదే కోపం.

"నేర్పేంత తెలిసినదాన్ని, చేసేదానికి పనికిరానా సార్? నేను నేర్పిచ్చను. నా దరఖాస్తు సదివి జవాబు రాసియ్యండి" అన్నాను.

ఆయన బావమరిది వైపు చూశాడు. వరసలో ఇంకా ముప్పై క్యాన్లున్నాయి. మూతలు తీయడానికి అతను కదలలేదు. నేనూ కదలలేదు.